నీళ్ళు పట్టని స్లాబు

దివాలా ఆస్తుల అధికారి గారి సముఖమునకు, కబ్వే పట్టణం తాపీ మేస్త్రీ లాక్సన్ కపెంబ్వా వ్రాసుకున్న అర్జీ.

అయ్యా,

విషయం: ప్రసూతి ఆసుపత్రి స్లాబుపై నీళ్ళు పోయుటకు అనుమతి కోరుట గురించి.

మనవి ఏమనగా:

1. మొన్న సోమవారం నేనూ, నా కింది నలభై మందీ కలిసి సదరు స్లాబు వేసి ముగించితిమి. మంగళవారం ఉదయం నీళ్ళు పట్టుటకు వెళ్ళగా గేటుకు కాగితం అంటించి ఉన్నది. కంపెనీ దివాలా తీసినదనియు, మా ఉద్యోగములన్నియు ఆనాటితో రద్దనియు అందులో కలదు.

2. కొత్త స్లాబుకు వారం రోజులు నీళ్ళు పట్టవలెనని తమకు తెలియనిది కాదు. తెలియకపోతే ఇప్పుడు తెలిసినది. నేడు గురువారం. తమ గదిలో ఫ్యానున్నది గనుక, మన ఊళ్ళో ఏడాది మొత్తంలో ముదిరిన ఈ అక్టోబరు ఎండ సంగతి నేనే చెప్పవలసి వచ్చినది.

3. కాపలాదారు ఎనోక్‌ను బతిమాలితిని. అతడు నన్ను ఎనిమిదేళ్ళుగా ఎరుగును. "పెద్దన్నా, నువ్వెవరో నాకు తెలుసు. ఈ కాగితానికి తెలీదు. ఉద్యోగం లేనోళ్ళని లోపలికి రానివ్వొద్దన్నారు," అన్నాడు. పోనీ ఉద్యోగమున్న వాడెవడి చేతనైనా పోయించమన్నాను. గేటు వదలకూడని తను తప్ప అలాంటివాడు ఒక్కడూ మిగల్లేదన్నాడు.

4. నిన్న తమ కార్యాలయమున అడుగగా, స్లాబు ఇప్పుడు జప్తు ఆస్తి, దాని స్థితి మార్చరాదని సెలవిచ్చారు. అయ్యా, మూడు రోజులుగా ఎండ మారుస్తూనే ఉన్నది. దాని మీద కేసు పెట్టరేమి?

5. లుసాకా నుంచి ఇంకో కంపెనీ వాళ్ళు వచ్చే సోమవారం చూసుకోవడానికి వస్తున్నారు. స్లాబు గట్టిగా ఉంటే మిగతా పని తీసుకుని మా నలభై ఒక్కరినీ పెట్టుకుంటారట. పగుళ్ళుంటే వెనక్కి పోతారట. నా భార్య మెర్సీ ఇప్పుడు నా మొహం చూడటం మానేసి మబ్బుల కోసం ఆకాశం చూస్తున్నది.

6. జీతం అడగడం లేదు. పైపూ మాదే, నీళ్ళూ మావే. పూటకొక గంట లోపలికి రానిస్తే చాలు. రోడ్డవతల దిబ్బ ఎక్కి చూశాను. స్లాబు తెల్లగా ఎండిపోయి ఉంది. నా చేత్తో వేసింది అలా పాడైపోతుంటే, దిగి వచ్చి ఈ అర్జీ రాస్తున్నాను.

కనుక ఎండ తమ సంతకం కోసం ఆగదని చిత్తగించవలెను.

తమ విధేయుడు,
లాక్సన్ కపెంబ్వా,
తాపీ మేస్త్రీ (మాజీ అని రాయమని ఎనోక్ చెప్పాడు)

తా.క.: ఈ అర్జీ ఇవ్వడానికి వచ్చాను. జవాబు ఇరవై ఒక్క పనిదినాల్లో వస్తుందని మీ గుమాస్తా అన్నాడు. కాబట్టి పైన రాసిన విషయం కొట్టేసి ఇలా చదువుకోండి: స్లాబు పగలగొట్టే పనైనా మాకే ఇప్పించుట గురించి. వేసినవాళ్ళం, లోపల ఇనుప ఊచలు ఎక్కడెక్కడ కట్టామో మాకే తెలుసు.