తల్లి తూకం కింద బిడ్డ తూకం

మరిది మారెన్నకు,

పాలు తాగే బిడ్డ చిక్కిపోవడం దిష్టి వల్లేనని మీ అమ్మ అంటోందట. ఆసుపత్రి కార్డులోని తల్లీబిడ్డల తూకాలతో నేను గ్రాఫు గీశాను. ఒకే కొలతలో గీస్తే బిడ్డ గీత నేలబారుగా కనబడింది. అందుకే దానికి వేరే కొలత పెట్టి, తల్లి గీత కిందే, అవే నెలలకు సరిగ్గా గీశాను. మీరు మిరపకోతకు గుంటూరు పోయిన నెలల్లో ముందు నా చెల్లెలు ఈరక్క తగ్గింది, ఆ తర్వాతే బిడ్డ తగ్గింది.

ఈరక్కకు చూపిస్తే, “ఆడ పొద్దున తినేకి యాడ తీరుతాదక్కా?” అని ఏడ్చింది.

ఈ ఏడు మిరపకోతకు ఈరక్కను పంపను. ఆదివారం వచ్చి ఇద్దరినీ మా ఇంటికి తీసుకుపోతాను. నీకు కోపమొస్తే రానీ. నువ్వొచ్చినా కడుపు నిండా పెడతాను, మాట మాత్రం మార్చను.

మీ వదిన