ఎండ చాలని పిల్లి

17 నవంబరు 1986, సోమవారం

నాన్న అయ్యప్ప మాల వేసుకున్నాడు. నాకు బి.ఎడ్. సీటు రావాలని మొక్కట. నన్నడిగి మొక్కలేదు. నలభై ఒక్క రోజులు ఇంట్లో నీచు వండరు. చెప్పులు వసారాలో విప్పేశాడు. మేము ఆయన్ని స్వామీ అనాలి. ఆయన నన్ను పార్వతీ అనడు, మాతా అంటాడు. పత్తి బోరాల చాటున దొరికిన పిల్లికూనకి కూడా హోదా పెరిగింది. అడ్డమొస్తే జరుగు స్వామీ అంటున్నాడు.

21 నవంబరు

బయట చేరాను. మాల ఉన్న ఇంట్లో ఉండకూడదని మూడు రోజులు గుంటూరు పంపారు, బ్రాడీపేటలో రెబ్కా వాళ్ళింటికి. బి.ఎస్సీ.లో నా బెంచీమేట్. నయం, సినిమా చూశాం.

9 డిసెంబరు

కూన గెంతడం మానేసింది. గిన్నెడు పాలన్నం తింటుంది, వెనక కాళ్ళు మాత్రం వంకర పోతున్నాయి. రికెట్స్. విటమిన్ డి లేక. జువాలజీ పేపర్లో రాసి మార్కులు కొట్టిన ఆన్సరే. ఎండలో పెడితే సరి. అమ్మకి లెక్చర్ కూడా ఇచ్చాను.

13 డిసెంబరు

రోజూ రెండు గంటలు డాబా మీద. ఎండ ఎటు జరిగితే గంప అటు జరుపుతున్నాను.

17 డిసెంబరు, సాయంత్రం

ఎత్తుకుంటే అరిచింది. బస్సెక్కి రెబ్కా వాళ్ళ నాన్న జయరావు గారికి చూపించాను. పశువుల ఆసుపత్రిలో కాంపౌండర్‌గా చేసి రిటైరయ్యారు. దాని నడుం తడిమి, ఏం పెడుతున్నావన్నారు. పాలన్నం, ఎండ అన్నాను.

"మన తోలుకైతే ఎండ చాలమ్మా. పిల్లి తోలు ఆ పని చెయ్యలేదు. ఎలకనో చేపనో తిని తెచ్చుకోవాల్సిందే."

రోజూ చేప, ఎప్పుడన్నా గోరంత లివరు పెట్టమన్నారు. ఆలస్యమైతే ఎముక విరుగుతుందట. ఎనిమిది రోజులు దాన్ని ఉత్త ఎండలో కూర్చోబెట్టాను. నాది ఫస్ట్ క్లాస్.

18 డిసెంబరు

అమ్మ ఒప్పుకోలేదు. పెరట్లో కూడా వద్దంది. ఇంకో పది రోజులు ఆగలేవా అంది. ఆయన తెల్లారగట్ల చన్నీళ్ళు పోసుకుని కటిక నేల మీద పడుకునేది ఎవరి కోసమే అంది.

19 డిసెంబరు

బయట చేరాను. ఇంత సంతోషంగా ఎప్పుడూ చేరలేదు. కూనని కూరల సంచిలో పెట్టుకుని గుంటూరు బస్సెక్కాను.

20 డిసెంబరు

ఉడకబెట్టిన చేప. తింటూ నా మీద గుర్రుమంది. దానికి ఆ గొంతుందని ఇప్పుడే తెలిసింది.

22 డిసెంబరు

తలస్నానం చేసి ఇంటికెళ్ళాల్సిన రోజు. ఇంకా ఆగలేదని కబురు పంపాను. రెబ్కా పగలబడి నవ్వింది. కాసేపటికి, ఎన్నాళ్ళు చెప్తావే ఈ అబద్ధం అంది.

25 డిసెంబరు

వాళ్ళంతా చర్చికి వెళ్ళారు. కూన లేచి నిలబడింది. పడింది. మళ్ళీ నిలబడింది. ఎవరికైనా చెబుదామంటే ఇంట్లో ఎవరూ లేరు.

అప్పుడు నాన్న వచ్చాడు. నల్ల పంచె, ఒట్టి కాళ్ళు. నేను బయట ఉన్నానని గేటు దగ్గరే ఆగాడు. ఇన్ని రోజులు ఆగకపోవడమేమిటని అమ్మ ఏడుస్తోందట. ఈ మాటలు నాన్న నాతో ఎప్పుడూ మాట్లాడలేదు. నేల చూస్తూ మాట్లాడాడు. లేడీ డాక్టరు పేరు రాసిన చీటీ గేటు దిమ్మ మీద పెట్టి దానిపైన రాయి పెట్టాడు.

"సీటు మొక్కు వెనక్కి తీసుకున్నాను మాతా. నీ ఒళ్ళు బాగైతే చాలని మొక్కాను."

అప్పుడే చెప్పాల్సింది. కూన నా కాళ్ళ మధ్య నిలబడే ఉంది. తగ్గింది అన్నాను. పొద్దుటి నుంచీ లేదు అన్నాను. నాన్న కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టాడు.

28 డిసెంబరు

ఇరుముడి కట్టుకుని శబరిమల వెళ్ళాడు. నేను నిజం చెప్పలేదు.

6 జనవరి 1987

మాల తీశాడు. నన్ను మళ్ళీ పార్వతీ అంటున్నాడు. పిల్లిని మాత్రం స్వామీ అనడం మానలేదు. పొద్దున స్వామి వంకర కాళ్ళతోనే ఒక ఎలకని పట్టి, తెచ్చి నాన్న చెప్పుల మీద పెట్టింది.

బి.ఎడ్. ఫారం తెచ్చుకోమని ఎవరూ అనలేదు. నేనూ అడగలేదు.