రెండు గంటల సైరన్

కిరండూల్

మైన్స్ మేనేజర్ గారికి,

కాలనీ వైపున్న సైరన్ తీసేసి, బ్లాస్టింగ్ సంగతి ఇకపై ఫోన్లకు మెసేజ్ పంపుతామని నోటీసు పెట్టారు. దయచేసి తియ్యకండి. మీరొచ్చి నాలుగు నెలలే కనుక మా అలవాటు తెలియకపోవచ్చు. రెండింటికి సైరన్ మోగగానే మా క్వార్టర్లలో ఎవరి నీళ్ల గ్లాసు వాళ్లం పట్టుకుంటాం. లేకపోతే పేలుడు అదురుకి నీళ్లు ఒలికిపోతాయి.

పోయిన నెల భోజనం చేస్తుండగా సైరన్ మోగింది. నా భర్త పైడిరాజు, డంపర్ ఆపరేటరు, గ్లాసు పట్టుకోలేకపోయారు. కుడిచెయ్యి లేవలేదు. మూతి వంకరపోయింది. పక్కింటి అప్పలకొండమ్మ పరుగున వచ్చి, "నైట్ డ్యూటీ సేసొచ్చినాడు కదేటి, నిద్ర సాల్లేదు కావాల, కాసేపు తొంగోనీ" అంది. నేను వినలేదు. ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లాను.

డాక్టరు గారు ముందుగా అడిగింది ఒక్కటే: "ఎన్నింటికి మొదలైందమ్మా?"

"సైరన్ మోగినప్పుడేనండీ."

ఆయన గడియారం చూశారు. "పక్షవాతం మొదలై నాలుగున్నర గంటలు దాటితే రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇవ్వలేం. మీకింకా గంట కూడా కాలేదు" అంటూ స్ట్రెచరు తనే స్కానింగ్ గదికి తోసుకుపోయారు.

మెసేజ్ అయితే నేను చూసేదాన్నే కాదు. నా ఫోను ఎప్పుడూ బియ్యం డబ్బా మీద ఛార్జింగులో ఉంటుంది.

నిన్న సైరన్ మోగగానే ఆయన గ్లాసు పట్టుకున్నారు. సగం నీళ్లు ఒలికాయి. ఒలికితే ఒలికాయి, పట్టుకున్నది కుడిచేత్తోనండీ.

మీ సైరన్‌ని నమ్ముకున్న,
పైడిరాజు భార్య