కోళ్ల ఫారం ఆయన జర్మన్ క్లాసు

మా ఇంటి పంతులమ్మకి,

నీ మొగుడు రాయునది. ఇక్కడ అందరం క్షేమం. అందరం అనకూడదేమో, ఉన్నది నేనొక్కణ్ణే. ఇల్లు కూడా బాగానే ఉందని కలిపి రాస్తున్నాను. అక్కడ నువ్వూ, నీ శిష్యగణమూ, వాళ్లకి నువ్వు నూరిపోసే జర్మన్, ఫ్రెంచి, ఇంకా నాకు నోరు తిరగని భాషలూ అన్నీ క్షేమమని తలుస్తాను.

నువ్వడిగినవాటికి వరసగా జవాబులు. వంటింటి కుళాయి కారడం ఆగింది. నేను బాగుచేయలేదు, దానికే విసుగొచ్చి ఆగింది. బీపీ మాత్ర వేసుకుంటున్నాను. పక్కింటావిడ నన్ను చూస్తే ఇంకా మొహం తిప్పుకుంటోంది. వాళ్ల గేటుకి ‘ఇల్లు అద్దెకివ్వబడును’ అని అట్టముక్క కట్టింది నేనేనని ఎవరో చెప్పేశారు. పొద్దుట్నుంచీ జనం వచ్చి గంట కొడుతూనే ఉన్నారట. వాళ్లాయన మాత్రం చాటుగా నవ్వాడు.

ఇక అసలు ప్రశ్న. ఆ కాలేజీవాళ్లు ఇంకో మూడేళ్లు అక్కడే ఉండి కొత్త టీచర్లకి శిక్షణ ఇమ్మంటున్నారని, నెలాఖర్లోగా సంతకం పెట్టాలని, నేనేమంటానని అడిగావు. ఇంతకుముందు అడిగినప్పుడల్లా ‘ఉండు, ఉండు, నాకిక్కడ హాయిగా ఉంది, టీవీ రిమోటు నా చేతిలోనే ఉంది’ అని రాశాను. ఆ సంగతికి మళ్లీ వస్తాను. ఫోన్లో అయితే నా నోట వెటకారం తప్ప ఇంకోటి రాదు, అందుకే కాగితం మీద పెడుతున్నాను.

ముందు నీ శిష్యురాలి గొడవ. నీ దగ్గర తర్ఫీదై, మన ఊళ్లో సాయంత్రం బడిలో జర్మన్ చెబుతున్న ఆ పిల్ల నీకు రాసిందన్నావు. క్లాసులో కోళ్ల ఫారం నడిపే ఒక పెద్దాయన ఉన్నాడని, మొదటి లెవెల్ పరీక్ష రెండుసార్లు తప్పాడని, తనకే చెప్పడం చేతకాదేమోనని, ఉద్యోగం మానేస్తానని. ‘మొద్దుగా ఉండటంలో నీకు అనుభవం ఉంది కదా, మనిషికి చదువు ఎందుకు ఎక్కదో కాస్త చెప్పు’ అని నన్నడిగావు. భలేవాణ్ణే అడిగావు.

చెబుతాను. ఆ కోళ్ల ఫారం ఆయన నేనే.

ఇప్పుడు నువ్వు కళ్లజోడు తీసి బల్లమీద పెట్టి ఉంటావు. పెట్టుకో, ఇంకా ఉంది.

నువ్వెళ్లిన కొత్తలో ఆ బడి ఉన్న మేడలో లిఫ్టు ఆగిపోతే బాగుచెయ్యడానికి నన్ను పిలిచారు. రెండో అంతస్తులో పానా పట్టుకుని కూర్చున్నాను. పక్క గదిలో ఎవరో ఆడపిల్ల ఏదో ప్రశ్న వేసింది. వేసి ఊరుకుంది. జవాబు రాలేదు. అయినా ఊరుకునే ఉంది. ఎవరో గొంతు సవరించుకున్నారు, బెంచీ కిర్రుమంది, ఆ పిల్ల మాత్రం నోరు విప్పలేదు. ఆ ఊరుకోవడం నాకు తెలుసు. మన ముందుగదిలో కుర్చీలనే శిష్యులనుకుని నువ్వు పాఠం చెప్పేదానివి కదా, ‘ప్రశ్న అడిగాక టీచరు నోరు కట్టేసుకోవాలి, వాళ్లు తడుముకునే చోటే చదువు మొదలవుతుంది’ అని. ఎక్కడ తిరిగొచ్చావని నన్నడిగి, నేను నిజం కక్కేదాకా నామీద కూడా ఆ ఊరుకోవడమే ప్రయోగించేదానివి.

తలుపు సందులోంచి చూశాను. బోర్డు మీద రాస్తూ క్లాసుకి వీపు చూపించకుండా పక్కకి నిలబడింది. తప్పు చెప్పినావిడ మాట సరిదిద్ది, ఆవిడకి సిగ్గేయకుండా తను కిటికీ వైపు చూసింది. అలా చూడమని ఏ పుస్తకంలో ఉందో నాకు తెలీదు. అది మాత్రం నీది.

లిఫ్టు బాగైంది. మర్నాడు వెళ్లి క్లాసులో చేరిపోయాను. ఆ పిల్ల నన్నెప్పుడూ చూడలేదు, కానీ నీ మొగుణ్ణని తెలిస్తే మర్యాదలు మొదలుపెడుతుంది, నీ చెవిన ఊదుతుంది. అందుకని పేరు మా తాతది ఇచ్చాను, పని కోళ్ల ఫారం అన్నాను.

“మీ కోళ్లు జర్మన్లోనే కూస్తాయాండీ?” అని పక్క బెంచీ బ్యాంకు ఆవిడ అడిగింది.

“మనకంటే నయమండీ, ఒకటో పాఠం గడగడా అప్పజెబుతున్నాయి” అన్నాను.

చదువు ఎక్కక కాదు తప్పింది. పాసైతే రెండో లెవెల్‌కి తోసేస్తారు. అక్కడ చెప్పేది వేరే ఆయన. ప్రశ్న తనే వేసి, జవాబూ తనే చెప్పేసుకుంటాడు. ఆ గదిలో నువ్వు లేవు. అందుకని పరీక్షలో చూసి చూసి తప్పులు రాశాను. అన్నీ తప్పు రాయాలన్నా ఎంత చదవాలో తెలుసా. ఆ పిల్ల తలవంచుకుని నా కాగితం దిద్దుతుంటే దొంగచాటుగా నవ్వుకున్నాను కూడా. అది ఇంటికెళ్లి తనని తాను తిట్టుకుంటోందని నీ ఉత్తరం వచ్చేదాకా నా బుర్రకి తట్టలేదు.

ఉత్తరం అందిన వారంలోనే మళ్లీ నోటి పరీక్ష వచ్చింది. బల్లకి అవతల ఆ పిల్ల, ఇవతల నేను. మొహం పీక్కుపోయి ఉంది. మీ ఇంట్లో ఎవరెవరుంటారని జర్మన్లో అడిగింది. పోయినసారి ఇదే ప్రశ్నకి ‘మా ఇంట్లో కోళ్లుంటాయి, అన్నీ పెళ్లయినవే’ అన్నాను. ఈసారి అడిగి, ఊరుకుంది.

తెలుగైతే ఏదో ఒకటి విసిరేవాణ్ణి. ఆ భాషలో వెటకారం ఆడేంత చదువు నాకింకా రాలేదు. నా దగ్గరున్నవి ఉట్టి పొట్టి వాక్యాలు. అవే చెప్పాను. ఇంట్లో నేనొక్కణ్ణే ఉంటాను. నా భార్య దూరంగా పనిచేస్తుంది. ఆవిడ టీచర్లకి టీచరు. సాయంత్రం ఇల్లు పెద్దగా ఉంటుంది. చెబుతుంటే నా మాట నాకే ఎవరిదో అనిపించింది. అంత ఉన్నదున్నట్టుగా నేనెప్పుడు మాట్లాడాను గనక.

ఆ పిల్ల కలం కింద పెట్టేసింది. “ఒక్క తప్పు లేదు. ఇదంతా మీకు ఎప్పట్నుంచి వచ్చండీ?” అంది తెలుగులో.

“మొదట్నుంచీ వచ్చమ్మా.”

“మరి?”

మరి అని మళ్లీ ఊరుకుంది. నీ చదువు నామీదే ప్రయోగించింది. ఇక దాచలేక అంతా చెప్పేశాను, నువ్వు నాకేమవుతావో, నేను అక్కడికి ఎందుకొస్తున్నానో. 

“అయితే నాకు చెప్పడం వచ్చన్నమాట” అంది ఆ పిల్ల.

“నాలాంటివాడికే జర్మన్ వచ్చిందంటే నీకు చెప్పడం రాకపోవడమేమిటమ్మా.”

“మీరు ముందు బయటికి నడవండి బాబాయిగారూ” అంది. కళ్లు తుడుచుకుంటూనే నవ్వింది. పాస్ చేసి పంపించేసింది. ఇక ఆ పిల్ల ఉద్యోగం మానదు. నువ్వు కంగారుపడకు, దానికి ఒక మంచి ముక్క రాయి. నన్ను ఎంత తిట్టినా ఆ ముక్కలోనే తిట్టు.

ఇప్పుడు నీ ప్రశ్న. ఇన్నాళ్లూ నువ్వు చేసేది ఏమిటో నాకు సరిగ్గా తెలియదు. టీచర్లకి పాఠమేమిటి, ఈతగాళ్లకి ఈతలాగా అని ఎకసెక్కాలాడేవాణ్ణి. నువ్వు అంత దూరంలో ఉండగా ఇక్కడ ఒక గదిలో నీ ఊరుకోవడం, నీ ఓపిక నడుస్తున్నాయి. నా కళ్లతో చూశాను. అందుకే వచ్చెయ్యమని రాయబోతే చేయి ఆడలేదు. ఉండమని రాయబోతే అస్సలు ఆడలేదు.

నాకిక్కడ హాయిగా లేదు. ఉందని రాసినవన్నీ కోతలు. మంగళవారం, శుక్రవారం సాయంత్రాలు ఆ క్లాసు ఉండేది, ఇప్పుడది కూడా లేదు. పని ముగిశాక కూడా పానాలు తుడుచుకుంటూ కూర్చుంటున్నాను.

నువ్వెళ్లేటప్పుడు నన్ను కూడా రమ్మనబోయావు. నీ నోట ఆ మాట రాకముందే ‘అక్కడ నాకేం పని, నీ పెట్టె మోయడానికా’ అని నవ్వేశాను. నువ్వు మళ్లీ అడగలేదు. అక్కడ మేడలు ఎత్తుగా ఉంటాయని రాశావు కదా. లిఫ్టులు అక్కడా ఆగిపోతుంటాయి, ఎవడో ఒకడు బాగుచెయ్యాలి. నువ్వు సంతకం పెట్టు. పెట్టి, నన్ను రమ్మని ఇంకొక్కసారి అడుగు. ఈసారి నవ్వను.

ఇట్లు,
నువ్వు అడుగుతావని ఎదురుచూస్తుండే
నీ మొగుడు