పీకని వైరు

ఒరే మునిరత్నం,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. ఆదివారం కదా, సౌకార్‌పేటలో మన మేడమీది గదిలోనే బ్యాండువాళ్లం కలిశాం. అదే పాత తగువు: బేస్ గిటారుకి, స్వరాన్ని గరగరలాడించే ఫజ్ పెడల్ తగిలిస్తే కింది స్వరం పలచబడుతుందా, పడదా? రాయపురం దాము ఓడవాళ్ల దగ్గర కొన్న విదేశీ పెడల్ తెచ్చి తెగ మురిసిపోతున్నాడు. నాకు ఒళ్లు మండింది. నువ్వు సబ్బుపెట్టెలో అమర్చిన పెడల్‌ని వైరుతో సహా సంచీలోంచి తీసి, "ముందు మావోడిది విను" అన్నాను.

బేస్ తగిలించి మీటితే చప్పుడే లేదు.

"ఏందన్నా, పెడల్‌కి వైరు పీకకుండా అట్నే పెట్టేసినావా? అది గుచ్చి ఉన్నంతసేపూ బ్యాటరీ కరిగిపోతా ఉంటాది, తెలీదా?" అని దాము నవ్వాడు.

తెలుసు. ఆ మాట నాకు వందసార్లు చెప్పినవాడివి నువ్వే. కానీ ఆ రోజు ఆ వైరు గుచ్చింది కూడా నువ్వే. "ఉండరా, టీ తాగొచ్చి వాయిస్తా" అని మెట్లు దిగావు. టీ అంగడి ముందే కూలిపోయావు. వైరు పీకకుండా వెళ్లావంటే తిరిగి వద్దామనే కదా. దాన్ని నేనెట్లా పీకేది?

దాము కొత్త బ్యాటరీ వేశాడు. కిటికీ అద్దాలు అదిరాయి. కింది స్వరం పలచబడలేదురా, నువ్వన్నదే నిజం. ఆ సంగతి చెబుదామని నువ్వు కూర్చునే వైపు తిరిగాను కూడా.

పెడల్ ఇంటికి తెచ్చేశాను. వైరు పీకలేదు. బ్యాటరీ అయిపోతే ఇంకోటి వేస్తాను.