డాబా మీద బరువెంత?

పల్లెపాలెం, దివిసీమ
8-7-2002

చిరంజీవి వీరదుర్గకి పోతయ్య మావయ్య దీవెనలు. ఇక్కడ నేనూ, మీ అత్తా, గేదే కులాసా.

మన వీధిలో పుట్టి ఇంజనీరు చదివినదానివి నువ్వొక్కదానివే కాబట్టి ఇంటి ప్లాను నీకే పంపుతున్నాను. పిల్లర్లు లేచాయి. టీవీలో గుజరాత్ భూకంపం చూసిన దగ్గర్నుంచి మేస్త్రి వీరాంజనేయులికి భయం పట్టుకుంది. ఇంజనీరు సంతకం లేనిదే శ్లాబు వెయ్యనని మొండికేశాడు. తుఫాన్ల కాలం వచ్చేలోగా మీ అత్త బుల్లెమ్మని తాటాకింట్లోంచి డాబాలోకి మార్చాలి. ఒక్క సంతకం పడేసి పంపు.

ఇట్లు,
పోతయ్య

తా.క.: ప్లాను నేనే గీశాను. మూలనున్న మరక చేపల పులుసు. గది అనుకునేవు.

బందరు
15-7-2002

మావయ్యకి వీరదుర్గ నమస్కారాలు.

ప్లాను చూశాను. పులుసు మరక తప్ప మిగతాదేదీ నిబంధనల ప్రకారం లేదండీ. భూకంపాల పటంలో మనం మూడో జోన్లో ఉన్నాం. కింద అంతా ఖాళీ వదిలేసి పైన బరువు పెడితే, నేల ఊగినప్పుడు ముందు విరిగేవి ఆ పిల్లర్లే. వాటి మధ్య గోడలు కట్టించండి. అయినా ఇద్దరు మనుషులకి ఆరడుగుల వెడల్పు మెట్లెందుకు? ఎండుచేపల వ్యాపారి మీరా సాహెబ్ గారి డాబాని మించాలనా? డాబా మీద ఎంత బరువు పెడతారో కూడా రాయండి.

మీ
వీరదుర్గ

తా.క.: గేదెని అడిగానని చెప్పండి.

పల్లెపాలెం
22-7-2002

చిరంజీవి వీరదుర్గకి మావయ్య దీవెనలు. గేదెకి చెప్పాను, తలాడించింది.

అరవై ఏళ్ళలో ఇక్కడ నీళ్ళు కదలడం చూశాను గాని నేల కదలడం చూడలేదు. గోడలు కడితే ఉప్పెన నీరు ఎటు పోతుంది? ఇంటినే మోసుకుపోతుంది. అయినా నీ మాట తీసెయ్యకుండా పరీక్ష పెట్టాను. పడవని ఒడ్డుకి లాగినట్టే, పిల్లర్ల తలలకి మోకులు కట్టి ఇరవై మంది చేత లాగించాను. పిల్లర్లు వెంట్రుకవాసి కదల్లేదు. మోకే తెగింది. ఇరవై మందీ ఇసకలో వెల్లకిలా పడ్డారు. అది రాసుకుని సంతకం పెట్టు. బరువంటావా, ఎండుచేపలు నాలుగు బస్తాలు వేసుకో.

ఇట్లు,
పోతయ్య

తా.క.: మన అయ్యప్పకి నడుం పట్టేసింది. అది ఏ జోన్లోకి వస్తుందో రాయి.

బందరు
30-7-2002

మావయ్యా, మీకో దండం.

భూకంపం పిల్లర్ తల పట్టుకుని లాగదు, కాళ్ళ కింద నేలని లాగుతుంది. పడవలో నిలబడి వల విసిరేవారికి ఈ సంగతి నేను చెప్పాలా? నీటి విషయంలో మాత్రం మీదే నిజం, నాకు తట్టలేదు. అందుకే గోడలు మానేసి, పిల్లర్ల మధ్య ఇంటూ గుర్తులా కాంక్రీటు దూలాలు గీశాను. నీరు పోతుంది, ఇల్లు ఉంటుంది. నాలుగు బస్తాలకి లావు శ్లాబు దండగ కనక పలచన చేశాను. మెట్లు రెండున్నర అడుగులకి కుదించాను. సంతకం పెట్టి పంపుతున్నాను, ఇక మేస్త్రి గారిని లేపండి.

మీ
వీరదుర్గ

తా.క.: అయ్యప్ప గారిది అయిదో జోన్, అన్నిటికన్నా ప్రమాదం. కదలకుండా పడుకోమనండి.

పల్లెపాలెం
7-8-2002

అమ్మా దుర్గా,

నువ్వు సంతకం పెట్టిన ప్లాను తిప్పి పంపుతున్నాను. దూలాలు బాగున్నాయి. మెట్లు చూసి మీ అత్త రెండు రోజులు అన్నం ముట్టలేదు. ఆ ఆరడుగులు అడిగింది ఆవిడే. ఊరిని ఉద్ధరిస్తున్నానని డప్పు కొట్టుకుంటున్నాననుకుంటావని నీకు అసలు సంగతి రాయలేదు.

డెబ్భై ఏడు ఉప్పెన నాడు వీధికంతటికీ మీరా సాహెబ్ గారి డాబా ఒక్కటే దిక్కు. ఆయన ఎవరేమిటని అడక్కుండా తలుపులు తీసేశాడు. మెట్లు మాత్రం రెండున్నర అడుగులు. ఒకరి వెనక ఒకరు ఎక్కాలి. నిండు చూలాలు మీ అమ్మ మెల్లగా ఎక్కుతోంది. వెనక బుల్లెమ్మ వాళ్ళమ్మ నిలబడి, "తొయ్యకండర్రా, పిల్లని నిదానంగా ఎక్కనివ్వండి" అంటూ అందరినీ ఆపింది. పైనుంచి బుల్లెమ్మ చెయ్యి చాపే ఉంది. వాళ్ళమ్మ వంతు రాకముందే నీరొచ్చి లాక్కుపోయింది. ఆ గాలి హోరులో తన వెనక ఎవరున్నారో మీ అమ్మకి ఈనాటికీ తెలియదు. చెప్పకు. బుల్లెమ్మ నా చేత ఒట్టు వేయించుకుంది.

కాబట్టి బరువు మళ్ళీ రాసుకో. ఎండుచేపలు కాదు, మనుషులు. వీధి మొత్తం నూట ముప్పై ఆరు మంది, ఒక్కసారే. అందుకు తగ్గ శ్లాబూ మెట్లూ గీసి పంపు తల్లీ.

ఇట్లు,
మీ మావయ్య

తా.క.: ఆ నూట ముప్పై ఆరులో నువ్వూ ఉన్నావు. కిందటిసారి మీ అమ్మ కడుపులో ఎక్కావు కనక లెక్కలోకి రాలేదు. ఈసారి విడిగా వేశాను.