సముద్రపు నీళ్ళ క్యాన్

టెక్కలి, ఆదివారం రాత్రి

నా గోల్డ్‌ఫిష్‌లు రాళ్ళకి ఒళ్ళు రుద్దుకుంటున్నాయని ఫోన్లో చెప్పడమే పొరపాటైంది. నాన్న డొంకూరు నుంచి బస్సులో సముద్రపు నీళ్ళు క్యాన్‌తో మోసుకొచ్చాడు.

“పోసెయ్యే అమ్మీ. ఉప్పు తగిల్తే పురుగంతా సత్తాది.”

నేను తొట్టెకి అడ్డంగా నిలబడ్డాను. పురుగు పట్టిన చేపకుండే తెల్లచుక్క వీటి ఒంటిమీద లేదు, రెక్క చిరగలేదు. మొన్న శుక్రవారం పాత నీళ్ళన్నీ తీసేసి కుళాయి నీళ్ళు నేరుగా పట్టాను. గుప్పున బ్లీచింగ్ వాసన. ఆ సాయంత్రం నుంచే ఈ రుద్దుకోవడం. ఇది పురుగు కాదు, నీళ్ళ మంట.

“సముద్రం మీద పెరిగినోణ్ణి. సేప గురించి నువ్వా నాకు సెప్పేది?”

“పట్టి సంపిన సేపల్నే సూసినావు నాన్నా. బతికున్న సేప ముందు ఒక్కపాలైనా కూకున్నావా?”

ఆ పట్టిన చేపలే నన్ను చదివించాయి. మాట గట్టిగానే తగిలుంటుంది. అయినా వెనక్కి తీసుకోను.

నిన్నటి నుంచి బకెట్లలో మూత లేకుండా ఉంచిన నీళ్ళు వాసన చూశాను. బ్లీచింగ్ పోయింది. వాటితో సగం నీళ్ళు మార్చి, గాలి మోటారు పెంచాను. నాన్న పంతంగా కుర్చీ లాక్కుని తొట్టె ముందు కూర్చున్నాడు. చేప రాయికి రాసుకున్నప్పుడల్లా, “అదిగో!” అన్నాడు. పొద్దుగూకేసరికి ఆ అదిగోలు బాగా తగ్గాయి. ఆ సంగతి మాత్రం ఒప్పుకోలేదు.

ఇది రాస్తుంటే పెద్ద చేప మళ్ళీ ఒకసారి రాయికి రుద్దుకుంది. నాన్న క్యాన్‌ని తొట్టె పక్కనే పెట్టి పడుకున్నాడు.

పెట్టుకోనీ. దాని మూత మాత్రం తియ్యనివ్వను.